పై వచనం కూడా చదవరా అబ్బాయ్

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు, వేలిముద్రే. అయినా మా సంఘంలో వాక్యం గురించి ఆమె దగ్గర మాట్లాడాలంటే పాస్టరు అయ్యగారు కూడా కాస్త చూసుకుని మాట్లాడేవారు. ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఒక వచనం చెప్పి ఇదిగో దేవుడు ఇలా అన్నాడు అంటే వెంటనే ఔననీ అనదు, కాదనీ అనదు. నా వైపు తిరిగి "అబ్బాయ్, దాని పైన ఏముందో చదవరా" అనేది. నేను చదివితే "ఇంకా పైన?" అనేది. ఈమధ్య మా ఇంట్లో పిల్లలు గట్టిగా అడిగారు, క్రైస్తవులం బైబిల్లో మనకు పనికొచ్చేవి పట్టుకుని మిగతావి ఎందుకు వదిలేస్తాం అని. ఆ రోజు నుంచి నాకు నాయనమ్మే గుర్తొస్తోంది. అందుకే ఇదంతా రాస్తున్నా.

మాది ఒంగోలు వైపు, గుండ్లకమ్మకు దగ్గర్లో ఒక పల్లె. బాప్టిస్టులం. మా వైపు బాప్టిస్టు ఇంట్లో పుట్టిన ఎవరికైనా అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొరగారి కథలు ఉగ్గుపాలతో వచ్చేస్తాయి. ధాత కరువులో, అంటే 1876-78 నాటి పెద్ద కరువులో, ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించడం, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపెయ్యడం, ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరగడం, ఇవన్నీ మాకు ఇంట్లో జరిగిన సంగతుల్లాంటివే. నాయనమ్మకు ఇష్టమైన కథ మాత్రం ఇంకోటి. దొరగారు ఒంగోలు వచ్చిన కొత్తల్లో, అంటే 1860ల్లో, మాదిగల్ని సంఘంలో చేర్చుకుంటే మా వాళ్ళెవరూ మీ గడప తొక్కరని పై కులాల పెద్దలు తేల్చి చెప్పారట. ఏం చెయ్యాలో తోచక ఆయన ఒక గదిలో కూర్చుని అక్కడున్న బైబిలు తెరిస్తే మొదటి కొరింథీయులకు మొదటి అధ్యాయం వచ్చింది. మీలో జ్ఞానులూ ఘనులూ గొప్ప వంశం వాళ్ళూ ఎక్కువమంది పిలవబడలేదు, ఎన్నికలేని వాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడు అనే చోటు. భార్యకు చెబుదామని వెళితే ఆమె ముందు తెరిచి ఉన్నదీ అదే పేజీ అని మా వైపు తరతరాలుగా చెప్పుకుంటారు. "ఆ వచనం దొరక్కపోతే మనం ఎక్కడుండేవాళ్ళంరా" అనేది నాయనమ్మ.

కాబట్టి వచనం ఏరుకోవడమే తప్పని నేను అనలేను. మా కుటుంబం క్రైస్తవ కుటుంబం అయిందే ఒకాయన ఒక వచనం గట్టిగా పట్టుకున్నందుకు. నా బాధ వేరే. చిన్నప్పటినుంచి నేను చూసినంతలో, ఏరిన వచనాలు ఎప్పుడూ ఆడవాళ్ళ మీద, కూలివాళ్ళ మీద, ముసలీ ముతకా మీద పడేవి. డబ్బున్నవాళ్ళ మీదా పెత్తనం చేసేవాళ్ళ మీదా పడాల్సినవి పుస్తకంలోనే ఉండిపోయేవి.

మా ఇంట్లో ఉన్నది బైబిల్ సొసైటీ వాళ్ళ పాత అనువాదం, నల్ల అట్ట, అంచులకు ఎర్రరంగు. నాయనమ్మ దాన్ని గోడ గూట్లో తెల్లటి తువ్వాల్లో చుట్టి పెట్టేది. ఆమె పొగాకు బేరన్ల దగ్గర, అంటే ఆకును వేడికి ఆరబెట్టే కొట్టాల దగ్గర, కర్రలకు ఆకు కట్టే పనికి వెళ్ళేది. సీజన్లో ఆకు జిగురు చేతులకు నల్లగా పట్టేసి ఎంత తోమినా పోదు. ఆ చేతులతో పుస్తకం ముట్టుకుంటే పేజీలు పాడైపోతాయని నన్నే పట్టుకోమనేది, తను నా పక్కన గోడకు చేరగిలి కళ్ళు మూసుకుని వినేది. నిద్రపోయిందేమో అనుకుని రెండు లైన్లు వదిలేస్తే "ఏదీ, మధ్యలో ఏదో పోయింది" అనేది. అంత చదువూ చెవులతో వచ్చిందే.

ఆ బేరన్ల పనికి ఆడవాళ్ళను పోగేసి తీసుకెళ్ళే మేస్త్రీ మా సంఘంలో పెద్ద. బేరన్ యజమాని డబ్బులు ఆయన చేతికిస్తే ఆయన వీళ్ళకు పంచాలి. వారం వారం ఇవ్వాల్సినవి నెలలు ఆపేవాడు, సీజన్ అయ్యాక లెక్క చూద్దాం అనేవాడు. మధ్యలో ఇంట్లో జ్వరాలొచ్చినా, పిల్లకు పెళ్ళి కుదిరినా మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాలి, ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వెయ్యాలి, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. తమ కూలి డబ్బులే తమకు వడ్డీకి తెచ్చుకునేవాళ్ళు. అది అందరికీ తెలుసు. ఆదివారం ఆయనే కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగేవాడు.

ఒకసారి మా ఇంట్లో గృహ కూడిక పెట్టారు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ మేస్త్రీగారికి వేశారు, అయ్యగారికి మంచం, మిగతావాళ్ళం చాపల మీద. ఆ రోజు వాక్యం మలాకీ 3:10, పదోవంతు మందిరంలోకి తీసుకురండి, ఆకాశపు వాకిళ్ళు విప్పి దీవెనలు కుమ్మరిస్తాను అనేది. అయ్యగారు చాలాసేపు చెప్పారు. దశమభాగం ఎగ్గొట్టేవాడు దేవుణ్ణి దొంగిలించినట్టే అని, అందుకే ఇళ్ళల్లో రోగాలూ అప్పులూ తీరడం లేదని. కోడిగుడ్లు అమ్ముకుని బతికే ఒక ముసలామె అక్కడే కూర్చుని కొంగు ముడి విప్పి చూసుకుంటోంది. నాయనమ్మ నన్ను పిలిచి పైన చదవమంది. నేను తొమ్మిదీ ఎనిమిదీ చదివాను. "ఇంకా పైకి పో." అయిదో వచనం దగ్గరికొచ్చాను. నేను తీర్పు తీర్చడానికి మీ దగ్గరికి వస్తాను అని మొదలవుతుంది, ఎవరి మీదికో వరసగా చెబుతుంది, మాంత్రికులు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణాలు చేసేవాళ్ళు, ఆ తర్వాత కూలివాళ్ళను వాళ్ళ కూలి విషయంలో, విధవరాళ్ళను, తండ్రిలేని వాళ్ళను బాధపెట్టేవాళ్ళు. అదే అధ్యాయం, అయిదు వచనాల దూరం.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అయ్యగారు ప్రార్థన చేసుకుందాం అన్నారు. ఆ శనివారం మేస్త్రీ అందరికీ పాత బాకీలతో సహా కూలి పంచాడు. మరుసటి సీజన్‌కు మళ్ళీ మామూలే, అది కూడా చెప్పాలి. కానీ ఆ ఒక్క శనివారం మా అమ్మ కిరాణా కొట్లో అప్పు మొత్తం తీర్చి ఇంటికి రావడం నాకు బాగా గుర్తు.

దశమభాగం గురించి నాకు తర్వాత్తర్వాత తెలిసిన సంగతి ఒకటుంది. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలో మూడేళ్ళకోసారి ఆ ఏటి పంటలో పదోవంతు ఊళ్ళోనే ఉంచి లేవీయులూ పరదేశులూ తండ్రిలేని పిల్లలూ విధవరాళ్ళూ వచ్చి తిని తృప్తి పొందేలా పెట్టాలని రాసి ఉంది. ఎక్కడో మారుమూల ఉన్నది కాదు, దశమభాగం గురించి చెప్పే చోటే ఉన్నది. దాని మీద ప్రసంగం నేను ఇప్పటిదాకా వినలేదు. పేద విధవరాలు కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన కథ మాత్రం ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు. మార్కు సువార్తలో ఆ కథకు సరిగ్గా పైన, యేసు శాస్త్రుల గురించి మాట్లాడుతూ వీళ్ళు విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగేవాళ్ళు, మాయవేషంగా దీర్ఘ ప్రార్థనలు చేసేవాళ్ళు అంటాడు. ఆ మాట అన్నాకే ఆయన కానుక పెట్టె ఎదురుగా కూర్చుంటాడు. ఆ మాట తీసేసి కాసుల కథ ఒక్కటే చెబితే, ఉన్నదంతా వేసేసిన ముసలామెను చూసి మనం కూడా అలా వెయ్యాలి అన్న పాఠమే మిగులుతుంది. ఆమెకు రెండు కాసులే ఎందుకు మిగిలాయో ఎవరూ అడగరు.

వడ్డీ సంగతి కూడా చెప్పాలి. క్రిస్మస్‌కు ముందు సండే స్కూల్ పిల్లలకు కంఠత వాక్యాల పోటీలు పెట్టేవాళ్ళు. ఒక ఏడాది మా చెల్లెలికి 15వ కీర్తన వచ్చింది. యెహోవా, నీ గుడారములో అతిథిగా ఉండదగినవాడెవడు అని మొదలవుతుంది. చిన్న కీర్తనే, అయిదు వచనాలు. వారం రోజులు ఇంట్లో తిరుగుతూ బట్టీ పట్టింది. పోటీ రోజు కొత్త గౌను వేసుకుని చేతులు కట్టుకుని తప్పుల్లేకుండా చెప్పింది, చివర్లో "తన ద్రవ్యము వడ్డికియ్యడు" అన్న మాట గుడి బయటికి కూడా వినబడేంత గట్టిగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. బహుమతి స్టీలు గ్లాసు. ఇచ్చింది మేస్త్రీగారే. ఆయన మనస్ఫూర్తిగా మెచ్చుకుని తల నిమిరి ఇచ్చాడు. నేను ఆయన మొహమే చూస్తూ ఉన్నాను, ఆ మాట తనకు సంబంధించిందన్న ఆలోచన ఆయనకు రాలేదు. అక్కడున్న వాళ్ళల్లో ఆయనకు నోట్లు రాసిచ్చిన వాళ్ళు సగం మంది ఉంటారు, వాళ్ళకూ వచ్చినట్టు లేదు. ఆ వచనాన్ని ఎవరూ దాచిపెట్టలేదు. ఏటేటా పిల్లల చేత చెప్పించారు. అయినా అది ఎవరికీ తగల్లేదు. దాని గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

ఇక నగల సంగతి. ఒక ఎండాకాలం బయటినుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిచి ఉజ్జీవ కూటాలు పెట్టారు, మూడు రాత్రులు, పందిరి వేసి ట్యూబులైట్లు కట్టి. మొదటి రాత్రే ఆయన మొదటి తిమోతి రెండో అధ్యాయం తొమ్మిదో వచనం తీశారు. స్త్రీలు జడలతోనూ బంగారంతోనూ ముత్యాలతోనూ వెలగల బట్టలతోనూ అలంకరించుకోకూడదు. అక్కడినుంచి కిందికి పన్నెండో వచనం దాకా, స్త్రీ మౌనంగా ఉండాలి అనేదాకా చదువుకుంటూ పోయారు. బంగారం పెట్టుకున్న చెవికి దేవుని స్వరం వినబడదు అన్నారు. ఆడవాళ్ళు ఏడ్చారు. అక్కడికక్కడే తీసి కానుకల సంచిలో వేసినవాళ్ళున్నారు. మా అమ్మకు ఉన్న బంగారమంతా రెండు కమ్మలు, వాళ్ళ అమ్మ పెట్టినవి. ఆమె తీసింది కానీ సంచిలో వెయ్యలేదు, పిడికిట్లో పట్టుకుని ఇంటికొచ్చి బియ్యం డబ్బాలో దాచింది. చెవులకు చీపురుపుల్లలు పెట్టుకుంది రంధ్రాలు పూడిపోకుండా. అది చూసి నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు.

నాయనమ్మ మర్నాడు పొద్దున్నే పైన ఏముందో చదవమంది. ఎనిమిదో వచనం, పురుషులు కోపమూ సంశయమూ లేనివాళ్ళై పవిత్రమైన చేతులెత్తి ప్రార్థన చెయ్యాలని కోరుతున్నాను అని. మగవాళ్ళకు చెప్పింది ముందు, ఆడవాళ్ళకు చెప్పింది తర్వాత. ఆ ఏడాదే కమిటీ ఎన్నికల్లో రెండు వర్గాలు గుడి ఆవరణలో చొక్కాలు చించుకుని పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళాయి. మూడు రాత్రుల్లో ఆ ఎనిమిదో వచనం ఎవరూ ఎత్తలేదు. నాయనమ్మ అమ్మను పిలిచి "కమ్మలు పెట్టుకోవే, కోపం లేని మగాడు ఒకడు వచ్చి చెప్పినప్పుడు చూద్దాంలే" అంది. అమ్మ పెట్టుకుంది. ఆ కమ్మలు ఇప్పుడు మా చెల్లెలి దగ్గరున్నాయి.

స్త్రీలు మౌనంగా ఉండాలన్న మాట మా సంఘాల్లో ఇంకా బాధ కలిగిస్తుంది నాకు. మా వైపు సువార్త ఇంటింటికీ తిరిగిందే ఆడవాళ్ళ వల్ల. బైబిలు స్త్రీలు అనేవాళ్ళు, చంకలో పుస్తకం పెట్టుకుని ఎండలో ఊరూరా నడిచి, మగవాళ్ళు అడుగుపెట్టలేని వంటిళ్ళల్లో కూర్చుని పాటలు నేర్పి అక్షరాలు దిద్దించారు. పౌలు రోమా పత్రిక చివర్లో ఫీబేను సంఘ పరిచారకురాలు అని పేరుపెట్టి మరీ అప్పగిస్తాడు, ప్రిస్కిల్లను తోటిపనివాళ్ళల్లో లెక్కపెడతాడు. ఆ అధ్యాయం ఉత్త పేర్ల జాబితా అని చదవకుండా తిప్పేస్తారు.

తిండి విషయం త్వరగా చెప్పి వదిలేస్తా. సంక్రాంతికి పక్కింటివాళ్ళు పొంగలి పంపిస్తే విగ్రహాలకు పెట్టింది తినకూడదని మా పిన్ని వాళ్ళు తిప్పి పంపేవాళ్ళు, అపొస్తలుల కార్యములు 15:29 చూపించేవాళ్ళు. అదే వచనంలో, ఆ మాట పక్కనే, రక్తం కూడా మానమని ఉంది. ఆదివారం వేటకూరతో పాటు నల్ల, అంటే రక్తం, వేపుడు లేని ఇల్లు మా పల్లెలో ఉండేది కాదు. దాని పైన 28లో, అవసరమైన వాటికంటే ఎక్కువ భారం మీ మీద మోపకూడదని మాకు తోచింది అని ఉంటుంది. నాయనమ్మ పొంగలి గిన్నె తీసుకునేది, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని కాసిని బెల్లం అచ్చులు వేసి పంపేది.

1985 జూలై. నాకప్పుడు ఊహ బాగా తెలిసిన వయసు. జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. మిగిలినవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాలకు పారిపోయారు. వాళ్ళల్లో క్రైస్తవులు ఎంతోమంది. మాకు బంధువులున్నారు, వియ్యపువాళ్ళున్నారు. పల్లెలో పొయ్యిలు వెలగలేదు, మగవాళ్ళు రాత్రిళ్ళు పడుకోలేదు. ఆ ఆదివారం గుడి నిండిపోయింది, ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. అయ్యగారు రోమా 12:19 తీశారు, పగ తీర్చుకోవద్దు, పగ తీర్చడం నా పని అని ప్రభువు చెబుతున్నాడు అనేది. అక్కడినుంచి 13వ అధ్యాయంలోకి వెళ్ళి పై అధికారులకు లోబడి ఉండాలి అనేదాకా వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు, కుర్రాళ్ళు ఏం చేస్తారో అన్న టెన్షన్ ఆయన గొంతులోనే తెలుస్తోంది. కానీ తన్నులు తిన్నవాళ్ళకే లోబడమని చెప్పడం విన్నప్పుడు గుడిలో కుర్రాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి బయటికి వెళ్ళిపోయారు. వాళ్ళల్లో కొందరు మళ్ళీ గుడికి రాలేదు.

ఆ సాయంత్రం నాయనమ్మ అదే 12వ అధ్యాయం పైనుంచి చదివించింది. 15వ వచనం దగ్గర ఆపింది, "ఏడ్చువారితో ఏడువుడి." అది ముందు చెయ్యాలి కదరా అంది. ఇంకేదో గుర్తొచ్చినట్టు ఆదికాండంలో అన్న కయీను చంపేసిన హేబెలు సంగతి తియ్యమంది. నీ తమ్ముని రక్తముయొక్క స్వరము నేలలోనుండి నాకు మొరపెట్టుచున్నది. ఆ వచనం మళ్ళీ మళ్ళీ చదివించింది. తర్వాతి గృహ కూడికలో అయ్యగారి ముందు కూడా అదే చదవమంది, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తర్వాతి వారం సంఘంలో బియ్యం, దుప్పట్లు పోగుచేసి చీరాల పంపారు. ఆయనే ఎడ్లబండి మాట్లాడి బస్టాండుదాకా వెళ్ళారు.

మా చిన్నత్త పెళ్ళి విషయం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆమె టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒకబ్బాయిని ఇష్టపడింది. అతనూ క్రైస్తవుడే, బాప్తిస్మం తీసుకున్నవాడే, వాళ్ళ నాన్న వాక్యం చెప్పేవాడు కూడా. కులం వేరు, అంతే. మాది మాదిగ, వాళ్ళది మాల. రెండిళ్ళలోనూ గొడవ. పెద్దలు కూర్చుని రెండో కొరింథీయులకు 6:14 తీశారు, అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి. ఆ అబ్బాయి అవిశ్వాసి ఎలా అయ్యాడో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గుడి గోడ మీద పెద్ద అక్షరాలతో, యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు, యేసుక్రీస్తునందు మీరందరును ఏకముగా ఉన్నారు అని రాయించి ఉండేది. ఆ గోడకు ఆనుకునే కూర్చుని ఈ మాటలు చెప్పారు. నాయనమ్మ పైన చదవమంది. పదమూడో వచనంలో పౌలు మీ హృదయాలను విశాలపరచుకోండి అని బతిమాలుకుంటాడు, మీరు నా పిల్లలు అనుకుని చెబుతున్నాను అంటాడు. చదివాను. ఈసారి ఫలితం లేకపోయింది. చిన్నత్తకు మా కులంలోనే ఇచ్చి చేశారు. ఆమె కాపురం బాగానే సాగింది, పిల్లలు స్థిరపడ్డారు. కానీ ఆ తర్వాత ఆమె ఎప్పుడూ ఆ గోడ వైపు కూర్చోలేదు. ఇప్పుడు పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో క్రిస్టియన్ అన్న మాట పక్కనే కులం పేరు చూసినప్పుడల్లా నాకు చిన్నత్తే గుర్తొస్తుంది.

2019లో మా తమ్ముడి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు వాడు నన్ను వాషింగ్టన్‌లో మ్యూజియం ఆఫ్ ది బైబిల్‌కు తీసుకెళ్ళాడు. అక్కడ అద్దాల పెట్టెలో ఒక పాత పుస్తకం పెట్టారు, 1807లో లండన్‌లో అచ్చయింది. వెస్టిండీస్‌లో చెరకుతోటల బానిసల కోసం ప్రత్యేకంగా ఏరి వేసిన బైబిలు. పాత నిబంధనలో నూటికి తొంభై వంతులు, కొత్త నిబంధనలో సగం తీసేశారు. యోసేపును అన్నలు అమ్మేసిన కథ ఉంది. ఐగుప్తు నుంచి బానిసలు బయటపడ్డ కథ లేదు. దాసులారా యజమానులకు లోబడండి అన్నది ఉంది. దాసుడని స్వతంత్రుడని లేదు అన్న గలతీ పత్రిక వచనం లేదు. మా గుడి గోడ మీద ఉన్న వచనమే. ఆ పెట్టె ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. తమ్ముడు "ఎంత దుర్మార్గం అన్నయ్యా" అన్నాడు. దుర్మార్గమే. కానీ వాళ్ళు ఆ వచనం చదివితే బానిసలు నమ్ముతారని భయపడి కత్తిరించారు. మనం గోడకు రాయించుకుని దాని కిందే కూర్చుని అత్తకు సంబంధం తప్పించాం. ఏది ఎక్కువ అన్నది నేను తేల్చుకోలేకపోయాను.

నాయనమ్మ కూడా అన్నీ చదివించేది కాదు, అది కూడా నిజమే. ఆమెకు రూతు కథ అంటే ప్రాణం, ఎందుకంటే ఆమె కూడా చిన్నప్పుడు వాళ్ళమ్మతో కోసిన చేలల్లో పరిగె ఏరుకున్న మనిషే. కొందరు ఆసాములు ఏరుకోనిచ్చేవాళ్ళు, కొందరు తరిమేవాళ్ళు. పొలం అంచులు పూర్తిగా కొయ్యొద్దు, రాలింది ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలిపెట్టు అని లేవీయకాండంలో దేవుడే చెప్పాడని విన్నప్పుడు ఆమె మొహం చూడాల్సింది. యెహోషువలో ఊళ్ళకు ఊళ్ళు చంపే అధ్యాయాలు వస్తే మాత్రం చాల్లే, వేరేది తియ్యి అనేది. బబులోను నదుల కీర్తన ఏడుస్తూ వినేది, చివర్లో పసిపిల్లల్ని బండకేసి కొట్టే మాట దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టేది. అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత లూకా నాలుగో అధ్యాయం యెషయా 61తో పక్కపక్కన పెట్టి చదివితే తెలిసింది. నజరేతు సమాజమందిరంలో యేసు ఆ ప్రవక్త మాటలు చదువుతూ, బీదలకు సువార్త, చెరలో ఉన్నవాళ్ళకు విడుదల, ప్రభువు హితవత్సరం అనేదాకా చదివి గ్రంథం చుట్టేస్తాడు. యెషయాలో ఆ వాక్యం అక్కడ అయిపోదు, ప్రతిదండన దినం అన్న మాట ఇంకా ఉంది. ఆయన దాని ముందు ఆపేశాడు. నాయనమ్మకు ఇదంతా తెలిసే అవకాశం లేదు. ఆమె తనకు తోచిన చోట చెయ్యి అడ్డం పెట్టింది, అది ఎవరి కూలీ ఎగ్గొట్టడానికి కాదు, ఎవరి పెళ్ళీ ఆపడానికి కాదు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. పల్లెలో ఇప్పుడు గుడికి ఏసీ పెట్టారు, తెర మీద వచనాలు వేస్తారు, ఏ వచనం కావాలంటే అది ఒక్కటే పెద్దగా వస్తుంది, పైదీ కిందదీ కనబడదు. పొద్దున్న లేస్తే ఫోన్లో వాట్సాప్ నిండా పూల బొమ్మల మీద ఒక్కో వచనం. నాకు మాత్రం ఆ వచనం చూడగానే బైబిలు తెరిచి పైకి వెళ్ళాలనిపిస్తుంది, వెళతాను కూడా.

పోయినేడు మా చెల్లెలి కూతురి పెళ్ళి జరిగింది. పెళ్ళి ఆరాధనలో చదివే వాక్యాలు అచ్చువేసే కాగితం ముందే నాకు చూపించింది. ఎఫెసీయులకు 5:22 నుంచి అని ఉంది, స్త్రీలారా, మీ సొంత పురుషులకు లోబడి ఉండండి అనే చోటు, ఏ పెళ్ళిలో అయినా అక్కడే మొదలుపెడతారు. అమ్మాయి పెన్ను తీసుకుని 22 కొట్టేసి 21 అని రాసింది. "మామయ్యా, క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి అని ఉంది కదా పైన, అక్కడినుంచి చదవమనండి" అంది. నేనెప్పుడూ దానికి ఆ మాట చెప్పలేదు, వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకుని ఉంటుంది. పెళ్ళి చేసే పాస్టరుగారికి ఫోన్ చేసి చెబితే ఒక్క క్షణం ఆలోచించి "తప్పకుండానండి, అది కూడా వాక్యమే కదా" అన్నారు. పెళ్ళిరోజు ఆయన 21 నుంచే మొదలుపెట్టి, ఇద్దర్నీ ఒకరి వైపు ఒకరు తిరగమని, ఆ వచనం ముందు పెళ్ళికొడుకు చేత, తర్వాత పెళ్ళికూతురి చేత చదివించారు. ముందు వరసలో కూర్చున్న చిన్నత్త అయితే పుస్తకం చూడకుండానే వాళ్ళతో కలిసి చెప్పింది.